బ్యాకప్ ఉందండీ... రీస్టోర్ అవుతుందా?

పోయిన ఎపిసోడ్ కింద గాజువాక నుంచి ఒక బీటెక్ తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, బ్యాకప్ అంటే డేటాని ఇంకోచోట కాపీ చేసుకోవడం అని మా క్లాసులో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. అంతే అయితే కంపెనీలు ఆ సాఫ్ట్‌వేర్‌కి లక్షలకి లక్షలు లైసెన్స్ ఎందుకు కడతాయి? కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కొడితే సరిపోదా?" అని. సరదాగానే అడిగాడు గానీ, ఐటీలో పదేళ్లు చేసినవాళ్లలో కూడా దీనికి సరిగ్గా జవాబు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈరోజు మొత్తం ఇదే.

ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ తీసుకోండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేసి ఉంటారు చాలామంది. ఇప్పుడు ఆ యాప్‌లోకి వెళ్లి ఒక ఫొటో డిలీట్ కొట్టారనుకోండి. ఫోన్‌లో పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది, అదే అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్న మీ ట్యాబ్‌లోనూ పోతుంది. ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటుంది, ఆ తర్వాత అక్కడా ఉండదు. అంటే అది మీకు ఇచ్చింది ఎక్కువ భాగం సింక్. ఒకచోట జరిగింది అన్నిచోట్లా జరగడం సింక్. ఒకచోట ఏం జరిగినా ఇంకోచోట నిన్నటి రూపం కదలకుండా ఉండడం బ్యాకప్. ఫోన్ సముద్రంలో పడితే సింక్ కాపాడుతుంది. పొరపాటున డిలీట్ కొడితే కాపాడదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివరిదాకా దీంతోనే పని.

ఇప్పుడు ఆఫీసుకి వద్దాం. విశాఖ పోర్టు చుట్టూ ఎన్ని ఆఫీసులున్నాయో మీకు తెలుసు. షిప్పింగ్ ఏజెంట్లు, కస్టమ్స్ క్లియరెన్స్ చేసేవాళ్లు, లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు, గోడౌన్ల వాళ్లు. అలాంటి ఒక ఆఫీసులో సర్వర్ మీద డేటాబేస్ ఒకటి నడుస్తోందనుకోండి. ఏ కంటైనర్ ఎక్కడుంది, ఎవరి సరుకు, డ్యూటీ కట్టారా లేదా, లారీ గేటు దాటిందా, అన్నీ అందులోనే. ఆ డేటాబేస్ ఫైలు రెండొందల జీబీ ఉంది. మీరు కంట్రోల్ సీ, కంట్రోల్ వీ కొట్టారు. కాపీ అవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ ఆఫీసులో పని ఆగలేదు కదా! మీరు మొదటి సగం కాపీ చేసేటప్పటికి ఒక కంటైనర్ యార్డులో ఉంది. రెండో సగం కాపీ అయ్యేసరికి అది లారీ ఎక్కి వెళ్లిపోయింది. మీ కాపీలో అది యార్డులోనూ ఉంటుంది, లారీ మీదా ఉంటుంది. అలాంటి ఫైలుని డేటాబేస్ తిరిగి తెరవడానికే ఒప్పుకోకపోవచ్చు. తెరిచిందంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే లెక్క తప్పు అని ఎవరికీ తెలియదు.

ఎంటర్‌ప్రైజ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చేసే మొదటి పని ఇక్కడ మొదలవుతుంది. సర్వర్‌లో ఏజెంట్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. అది డేటాబేస్‌తో, "ఒక్క క్షణం ఆగు, చేతిలో ఉన్న ఎంట్రీలు డిస్కు మీదకి దించెయ్" అంటుంది. డేటాబేస్ దించుతుంది. ఆ క్షణంలో స్నాప్‌షాట్ తీస్తారు. డిస్కు ఆ నిమిషానికి ఎలా ఉందో అలా గుర్తు పెట్టుకోవడం అన్నమాట. వెంటనే డేటాబేస్‌ని వదిలేస్తారు, ఆఫీసు పని మామూలుగా సాగిపోతుంది. కాపీ మాత్రం ఆ ఫ్రీజ్ అయిన రూపం నుంచి తాపీగా, నెమ్మదిగా జరుగుతుంది. కాపీకి గంట పట్టినా, మూడు గంటలు పట్టినా, అందులో ఉన్నది ఒకే ఒక్క క్షణం నాటి డేటా.

వీమ్, కమ్‌వాల్ట్, నెట్‌బ్యాకప్, రూబ్రిక్, కోహెసిటీ లాంటి పేర్లు మీరు జాబ్ డిస్క్రిప్షన్లలో చూసే ఉంటారు. బాక్యులా అని ఓపెన్ సోర్స్‌ది కూడా ఉంది. పేరు ఏదైనా లోపలి భాగాలు దాదాపు ఒకటే. ఏజెంట్ గురించి చెప్పాను. మధ్యలో ఒక బ్యాకప్ సర్వర్, ఎప్పుడు ఏది తీయాలో ఆర్డర్లు వేసేది. చివర్న కాపీలు దాచే చోటు, డిస్కు గానీ టేపు గానీ క్లౌడ్ గానీ. వీటన్నిటికంటే ముఖ్యమైనది క్యాటలాగ్. ఏ ఫైలు, ఏ తేదీ రూపం, ఏ డిస్కులో ఏ మూల ఉందో రాసుకునే రిజిస్టరు. లైబ్రరీలో లక్ష పుస్తకాలుండి రిజిస్టరు తగలబడిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. క్యాటలాగ్ పోయిన బ్యాకప్ అలాంటిదే. డేటా అంతా ఉంటుంది, ఒక్కొక్క డిస్కూ మళ్లీ చదివించి క్యాటలాగ్ కట్టుకునేసరికి రోజులు గడిచిపోతాయి.

ఇక లెక్కలకి వద్దాం, ఇది నాకు ఇష్టమైన భాగం. ఒక సంస్థకి 10 టీబీ డేటా ఉందనుకోండి. సెకనుకి 1 గిగాబిట్ నెట్‌వర్క్. ఏ అడ్డూ లేకుండా పూర్తి స్పీడుతో వెళ్లినా ఒక్కసారి మొత్తం కాపీ చేయడానికి ఇరవై రెండు గంటలు దాటుతుంది. కాలిక్యులేటర్ తీసి చూసుకోండి. బైటుకి ఎనిమిది బిట్లు, కాబట్టి 80 వేల గిగాబిట్లు, 80 వేల సెకన్లు. రాత్రి పదకొండుకి మొదలుపెడితే మర్నాడు రాత్రి తొమ్మిదయినా అవదు. రోజూ ఫుల్ బ్యాకప్ తీయడం కుదరని పని. కానీ ఒక రోజులో ఆ 10 టీబీలో నిజంగా మారేది ఎంత? రెండు శాతం మారిందనుకుంటే 200 జీబీ. దానికి అరగంట కూడా పట్టదు. అందుకే ఆదివారం ఒక ఫుల్, మిగతా రోజులు మారినవి మాత్రమే తీయడం. దాన్ని ఇంక్రిమెంటల్ అంటారు. ఏ బ్లాకు మారిందో వర్చువల్ మెషీన్ల లేయరే రాసిపెట్టుకుంటుంది కాబట్టి వెతుక్కునే పని కూడా ఉండదు.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. శుక్రవారం నాటి డేటా కావాలంటే ఆదివారం ఫుల్, దాని మీద సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర ముక్కలు వరసగా పేర్చాలి. మధ్యలో బుధవారం ముక్క పాడైందా, ఆ తర్వాతవన్నీ గాల్లో ఉన్నట్టే. అందుకే ఈ ముక్కల్ని తనలో తానే కలుపుకుని, సర్వర్‌ని మళ్లీ కదిలించకుండా కొత్త ఫుల్ తయారుచేసుకునే పద్ధతి చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది.

డీడూప్లికేషన్ అని ఇంకోటి. ఆఫీసులో 300 ల్యాప్‌టాప్‌లు, అన్నిటిలో అదే విండోస్, అదే ఆఫీస్, ఒక్కోదాంట్లో 30 జీబీ. విడివిడిగా దాస్తే 9,000 జీబీ. సాఫ్ట్‌వేర్ డేటాని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకీ వేలిముద్ర లాంటి హ్యాష్ వేసి, ఇదివరకే ఉన్న ముక్కయితే మళ్లీ దాచదు, "అది ఫలానా చోట ఉంది" అని రాసుకుంటుంది. 9,000 జీబీ కాస్తా ఇంచుమించు 30 జీబీలో సర్దుకుంటుంది. బాగుంది కదా? బాగుంది గానీ ఆ ఒక్క ముక్క పాడైతే 300 ల్యాప్‌టాప్‌ల బ్యాకప్పూ ఒకేసారి పాడవుతుంది. పొదుపు చేసిన చోటే ప్రమాదం కూడా కూడుకుంటుంది. అందుకే ఒకే డిస్కు సెట్‌ని నమ్ముకోకూడదు.

సరే, ఎంత తరచుగా తీయాలి? ఇక్కడ రెండు మాటలు నేర్చుకోవాలి, ఇంటర్వ్యూలో కచ్చితంగా అడుగుతారు. ఆర్‌పీఓ, ఆర్‌టీఓ. రవాణా శాఖ ఆర్‌టీఓ కాదండోయ్. ఆర్‌పీఓ అంటే ఎంత డేటా పోగొట్టుకోవడానికి మనం సిద్ధం అని. రాత్రి పదకొండుకి బ్యాకప్ తీసి, మర్నాడు సాయంత్రం ఆరుకి సర్వర్ పోతే పంతొమ్మిది గంటల పని పోయినట్టే. ఆర్‌టీఓ అంటే పడిపోయాక ఎంతసేపట్లో లేచి నిలబడాలి అని.

ఈ రెండో మాట విశాఖ వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, ఉక్కునగరంలో ఎవరినైనా అడగండి. స్టీల్ ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఫర్నేస్ అనేది ఫ్యాన్ స్విచ్ లాగా ఆపి మళ్లీ వేసేది కాదు. అనుకోకుండా చల్లబడిందంటే లోపల ఉన్నది గడ్డకడుతుంది, మళ్లీ దారిలోకి తేవడం రోజుల పని. కోక్ ఓవెన్లూ అంతే, ఎప్పుడూ వేడిగా ఉండాల్సిందే. అలాంటి ఏ ప్లాంట్‌లో అయినా యంత్రాల్ని నడిపే కంట్రోల్ సిస్టం కంప్యూటర్లకీ, క్యాంటీన్ కూపన్ల కంప్యూటర్‌కీ ఒకే ఆర్‌టీఓ పెడతారా? పెట్టరు. మొదటిదానికి నిమిషాలు, పక్కనే ఇంకో మెషీన్ సిద్ధంగా ఉండాలి. జీతాల సిస్టం ఒక రోజు ఆగినా పర్లేదు, నెలాఖరు కాకపోతే. క్యాంటీన్‌ది వారం ఆగినా కాగితం చీటీలతో నడుస్తుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొనేముందు సంస్థలో కూర్చుని తేల్చుకోవాల్సింది ఇదే. కానీ ఎక్కువచోట్ల ముందు సాఫ్ట్‌వేర్ కొంటారు, ఆ తర్వాత ఇవన్నీ ఆలోచిస్తారు. నా అభిప్రాయంలో సగం డబ్బు అక్కడే వృథా అవుతుంది.

ఇప్పుడు మన ఊరి విషయం. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్. ఇది చూస్తున్నవాళ్లలో కొందరు అప్పటికి ప్రైమరీ స్కూల్లో ఉండి ఉంటారు. గంటకి 180 కిలోమీటర్ల దాకా గాలి. తుఫాను కన్ను నేరుగా నగరం మీదకే వచ్చింది. ఎయిర్‌పోర్టు పైకప్పు దెబ్బతిని కొన్ని రోజులు విమానాలు లేవు. స్టీల్ ప్లాంట్‌కి కరెంటు పోయి ఉత్పత్తి ఆగిపోయింది. తుఫానుని చూడ్డానికి పెట్టిన వాతావరణ శాఖ డాప్లర్ రాడారే ఆ తుఫానులో దెబ్బతింది. ఊళ్లో చాలా కాలనీలకి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లకి సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. ఏటీఎం దగ్గరా పెట్రోల్ బంకు దగ్గరా లైన్లు ఎలా ఉండేవో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

ఇప్పుడు ఒక ఆఫీసు ఊహించుకోండి. సర్వర్ సీతమ్మధారలో ఉంది. మనవాళ్లు జాగ్రత్తపరులు, బ్యాకప్ కాపీ ద్వారకానగర్ బ్రాంచిలో పెట్టారు. రెండు బిల్డింగులు, రెండు కాపీలు. అగ్నిప్రమాదం నుంచి ఇది కాపాడుతుంది, దొంగతనం నుంచి కాపాడుతుంది. హుద్‌హుద్ నుంచి కాపాడదు. రెండు చోట్లా ఒకే గాలి, ఒకే చీకటి. డిస్కులు చెక్కుచెదరకపోయినా వాటిని తెరిచే కరెంటు లేదు, నెట్ లేదు. అందుకే బ్యాంకుల్లాంటి పెద్ద సంస్థలు రెండో సైట్‌ని పక్క వీధిలో కాకుండా వేరే భూకంప జోన్‌లో, వందల కిలోమీటర్ల దూరంలో పెడతాయి. సముద్రతీరంలో ఒకటి ఉంటే రెండోది లోపలి భూభాగంలో. దూరం ఎంత అనే ప్రశ్నకి నా జవాబు ఒకటే. మన ఊరిని కొట్టగలిగిన అతి పెద్ద తుఫాను వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి.

3-2-1 అని ఒక సూత్రం మీరు విని ఉంటారు. డేటాకి మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి ఊరి బయట. దీనికి పేరు తెచ్చింది కంప్యూటర్ శాస్త్రవేత్త కాదు, పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్. ఫొటోలు పోతే మళ్లీ తీయలేం కదా, ఆ బాధ తెలిసినవాడు.

"అన్నా, ఇప్పుడు అంతా క్లౌడే కదా, వైజాగ్‌కే గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా" అంటారు. అవును, 2025 అక్టోబర్ 14న ఒప్పందం ప్రకటించారు, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి అన్నారు. సంతోషమే. కానీ క్లౌడ్ అంటే ఇంకొకరి బిల్డింగ్‌లో ఉన్న కంప్యూటరే. దక్షిణ కొరియాలో అదే సంవత్సరం సెప్టెంబర్ 26న డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు తమ ఆఫీసు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే క్లౌడ్ అక్కడే ఉంది. 858 టీబీ కాలిపోయింది. దానికి బయట కాపీ లేదు. కారణం ఏం చెప్పారో తెలుసా? సైజు మరీ పెద్దది, బ్యాకప్ తీయడం కుదరలేదు అని! అంత సాంకేతికత ఉన్న దేశం. అదే భవనంలోని మిగతా సిస్టంలలో బ్యాకప్ ఉన్నవి మెల్లగా తిరిగి లేచాయి.

దీనికి ఎదురుగా ఆస్ట్రేలియా కథ. యూనీసూపర్ అని అక్కడి పెన్షన్ సంస్థ. 2024 మేలో గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన ఒక కాన్ఫిగరేషన్ తప్పు వల్ల వాళ్ల ప్రైవేట్ క్లౌడే డిలీట్ అయిపోయింది. రెండు చోట్ల కాపీలున్నాయి, కానీ రెండూ అదే ప్రైవేట్ క్లౌడ్ కింద, రెండూ పోయాయి. వాళ్లని బతికించింది విడిగా పెట్టుకున్న బ్యాకప్. మొదట చెప్పిన ఫొటో డిలీట్ ఉదాహరణ గుర్తొచ్చిందా? అదే, పెద్ద సైజులో.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ గాలి, నిప్పు, మనిషి పొరపాటు. నాలుగోది కావాలని చేసేది. ర్యాన్సమ్‌వేర్. మీ ఫైళ్లకి తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే ప్రోగ్రామ్. 2017 మే 12న వానాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, వాటిలో విశాఖవీ ఉన్నాయి. 2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద పడింది, ఆన్‌లైన్ సేవలు ఆగాయి. విశాఖ కేంద్రంగా పనిచేసే ఈపీడీసీఎల్ కూడా ఆ సంస్థల్లో ఒకటి. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్. ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయిపోయింది. అంత పెద్ద ఆసుపత్రిలో ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు రోజుల తరబడి చేత్తో రాశారు. చివరికి ఈ-హాస్పిటల్ డేటాని ఎలా వెనక్కి తెచ్చారంటే, దాడి అంటని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలింది, దాన్నుంచి. ఈ విషయం ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఆ ఒక్క సర్వర్‌కి కూడా అంటుకుని ఉంటే ఆ రోగుల రికార్డులు ఏమయ్యేవో ఆలోచించండి.

పోర్టు ఊరి వాళ్లం కాబట్టి మేర్స్క్ కథ మనం తప్పకుండా తెలుసుకోవాలి. ప్రపంచంలోని అతి పెద్ద కంటైనర్ షిప్పింగ్ కంపెనీల్లో ఒకటి. బీచ్ రోడ్డు నుంచి చూస్తే కనిపించే ఓడల మీద వాళ్ల డబ్బాలు మీరు చూసే ఉంటారు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ వాళ్ల నెట్‌వర్క్‌లోకి దూరింది. చూడ్డానికి ర్యాన్సమ్‌వేర్ లాగే ఉంటుంది గానీ అసలు ఉద్దేశం డబ్బు కాదు, నాశనం. ముంబై దగ్గర జేఎన్‌పీటీలో వాళ్లు నడిపే టెర్మినల్ కూడా స్తంభించింది. గేటు దగ్గర లారీలు బారులు తీరాయి. ఏ డబ్బా ఎవరిదో చెప్పే సిస్టం లేదు మరి.

వాళ్లకి బ్యాకప్‌లు లేవా? చాలా సర్వర్లకి ఉన్నాయి. కానీ ఆ నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో, ఎవరికి దేనికి అనుమతి ఉందో చెప్పే డొమైన్ కంట్రోలర్లు ఉంటాయి. అవి లేకుండా మిగతావి లేపలేరు. ప్రపంచమంతా కలిపి దాదాపు 150 ఉన్నాయి, ఒకదాంతో ఒకటి సింక్ అవుతూ. ఒకటి పోతే ఇంకొకటి ఉంది, ఇక బ్యాకప్ ఎందుకు అనుకున్నారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ అనుకోలేదు. పోయాయి. ఒక్కటి తప్ప. ఆఫ్రికాలో ఘానా ఆఫీసులో దాడి జరిగిన సమయానికి కరెంటు పోయింది! దాంతో అక్కడి సర్వర్ నెట్‌వర్క్ నుంచి తెగిపోయి ఉంది. పవర్ కట్ వల్ల బతికిపోయిన సర్వర్ అన్నమాట. మన కరెంటోళ్లని తిట్టుకునేటప్పుడు ఒకసారి ఇది గుర్తుచేసుకోండి.

ఆ డేటాని ఇంగ్లండ్‌కి పంపాలంటే ఘానా ఆఫీసు నెట్ స్పీడు సరిపోలేదు. మనిషిని పంపుదామంటే అక్కడ ఎవరికీ బ్రిటిష్ వీసా లేదు. ఒకాయన హార్డ్ డిస్క్ తీసుకుని నైజీరియాకి విమానంలో వెళ్లి, ఎయిర్‌పోర్టులో ఇంకొకరికి ఇస్తే, ఆయన లండన్ తీసుకెళ్లాడు. దాని మీద మొత్తం కంపెనీని మళ్లీ కట్టుకున్నారు. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేశారని వాళ్ల ఛైర్మనే తర్వాత చెప్పారు. నష్టం 250 నుంచి 300 మిలియన్ డాలర్లు.

చిన్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఊరూ పేరూ చెప్పను, మన దగ్గరే ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, పదిహేను మంది స్టాఫ్. ట్యాలీ సర్వర్‌కి రోజూ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ వెళ్లేది. ఆ డిస్క్ ఇరవై నాలుగు గంటలూ సర్వర్‌కి గుచ్చే ఉండేది. ఒకరోజు పొద్దున్న చూస్తే సర్వర్‌లో ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి ఉన్నాయి, డిస్క్‌లోవి కూడా. వైరస్‌కి అది ఈ-డ్రైవ్, అంతే. అది బ్యాకప్ అని దానికి ఎవరు చెప్తారు? ఎవరికి ఎంత రావాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి, రెండేళ్ల లెక్క. లారీ ఓనర్లు వచ్చి "మా బాకీ ఏటి సార్" అంటే చూపించడానికి కాగితం లేదు. వాళ్ల అకౌంటెంట్ పాత ఈమెయిల్స్‌లో పంపిన పీడీఎఫ్ బిల్లులు ఒక్కొక్కటీ తెరిచి మళ్లీ ఎంట్రీ చేయడానికి నాలుగు నెలలు పట్టింది. నేను వెళ్లేసరికి ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. "బాబూ, డిస్కు రాత్రిపూట పీకేసి బీరువాలో పెట్టి ఉంటే చాలు కదా" అన్నాడు. నిజమే, అంతే చాలు. కోట్ల రూపాయల సంస్థల్లో ఎయిర్ గ్యాప్ అని పిలిచేది కూడా అదే, వైరు పీకేసి బీరువాలో పెట్టడం.

ఈమధ్య దాడి చేసేవాళ్లు ముందు వెతికేది బ్యాకప్ సర్వర్‌నే. వారాల తరబడి లోపల నిశ్శబ్దంగా తిరిగి, అడ్మిన్ పాస్‌వర్డ్ పట్టుకుని, బ్యాకప్‌లు చెరిపేసి, ఆ తర్వాత అసలు డేటాకి తాళం వేస్తారు. దీనికి విరుగుడుగా వచ్చింది ఇమ్యూటబుల్ స్టోరేజ్. ఒకసారి రాస్తే ముప్పై రోజులనో తొంభై రోజులనో గడువు పెడతారు. ఆ గడువు లోపల అడ్మిన్ అయినా సరే చెరపలేడు. ఉద్యోగం మానేసిన అడ్మిన్ కోపంతో వచ్చినా చెరపలేడు. పాత టేపు కూడా ఇందుకే ఇంకా బతికి ఉంది. మీరు మ్యూజియంలో వస్తువు అనుకుంటారు గానీ, ఎల్‌టీఓ-9 టేపు ఒక్కదాంట్లో 18 టీబీ పడుతుంది. బయటకి తీసి అలమారలో పెడితే ఏ హ్యాకరూ ఇంటర్నెట్ మీద దాన్ని చేరలేడు.

వారాల తరబడి లోపలే ఉంటారన్నాను కదా, అంటే నిన్నటి బ్యాకప్‌లో కూడా ఆ పురుగు ఉండొచ్చు. అందుకే ఒక్క కాపీ సరిపోదు, పాతవీ కావాలి. రోజువారీవి ఒక ఏడు, వారానివి నాలుగు, నెలవి పన్నెండు, ఇలా ఉంచుతారు. దీన్ని తాత-తండ్రి-కొడుకు పద్ధతి అంటారు. కొడుక్కి జబ్బు అంటినా తాత ఆరోగ్యంగా ఉంటాడని ఆశ.

ఇక అసలు ప్రశ్న, టైటిల్‌లో పెట్టినది. గిట్‌ల్యాబ్ మీలో చాలామంది వాడతారు. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు అలిసిపోయి, తప్పు సర్వర్ మీద డిలీట్ కమాండ్ కొట్టాడు. ఆపేలోపు దాదాపు 300 జీబీ డేటాబేస్ పోయింది. పర్లేదు, ఐదు రకాల రక్షణ పద్ధతులున్నాయి అనుకున్నారు. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే ఒకటి నడవడమే లేదు, వెర్షన్ తేడాతో ఫెయిలవుతోంది. ఫెయిలైతే రావాల్సిన ఈమెయిల్ కూడా రావట్లేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికి బయటపడ్డారు. మధ్యలో ఆరు గంటల డేటా పోయింది. మెచ్చుకోవాల్సింది ఏమిటంటే వాళ్లు దాచలేదు, రికవరీ చేస్తున్నది యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు పనిచేసిన ఒక ప్రాజెక్టులో కూడా ఇలాంటిదే చూశాను. డ్యాష్‌బోర్డు మీద ఎనిమిది నెలలుగా అన్నీ పచ్చ రంగు. కొత్తగా వచ్చిన ఒక సీనియర్ అక్క, "ఒకసారి నిజంగా రీస్టోర్ చేసి చూద్దాం" అంది. శనివారం పెట్టుకున్నాం. బ్యాకప్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, అది మంచిదే. దాని పాస్‌వర్డ్ ఎక్కడుంది? కంపెనీ పాస్‌వర్డ్ వాల్ట్‌లో. ఆ వాల్ట్ ఎక్కడుంది? మేం పోయిందనుకుని తిరిగి తెస్తున్న ఆ సర్వర్‌లోనే! తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టు. డ్రిల్ కాబట్టి నవ్వుకున్నాం. సోమవారం ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, సీలు కవర్లో పెట్టి, ఇద్దరి సంతకాలతో లాకర్లో పెట్టించింది ఆవిడ. ఐటీ కంపెనీలో కాగితం ఏమిటి అని ఎవరో అంటే, "కాగితాన్ని హ్యాక్ చేసి చూపించు" అంది.

పచ్చ రంగు చెప్పేది కాపీ వెళ్లిందని మాత్రమే. తిరిగి వస్తుందని కాదు. మంచి సాఫ్ట్‌వేర్లలో దీనికి ఏర్పాటు ఉంది. రాత్రిపూట బ్యాకప్ నుంచి వర్చువల్ మెషీన్‌ని వేరే గదిలాంటి నెట్‌వర్క్‌లో ఆన్ చేసి, డేటాబేస్ లేచిందా, లాగిన్ అవుతోందా అని తనే చూసి రిపోర్ట్ ఇస్తుంది. ఉన్నా ఆన్ చేయని సంస్థలే ఎక్కువ, ఎందుకంటే దానికి అదనంగా సర్వర్ కావాలి, బడ్జెట్ అడగాలి.

చట్టం సంగతి క్లుప్తంగా. కంపెనీలు ఎలక్ట్రానిక్ రూపంలో పెట్టుకునే లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో, రోజూ ఉండాలని 2022లో కంపెనీల నిబంధనలు మార్చారు. అంతకుముందు "అప్పుడప్పుడు" అన్న అర్థంలో ఉండేది. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి చెప్పాలని అదే సంవత్సరం ఏప్రిల్ 28 నాటి ఆదేశం. ఆడిటర్ అడిగేది ఇవే. పైన చెప్పిన రీస్టోర్ డ్రిల్ గురించి గట్టిగా అడిగే ఆడిటర్‌ని నేనైతే ఇంకా చూడలేదు.

ఉద్యోగాల గురించి అడిగేవాళ్లకి ఒక మాట. బ్యాకప్ అడ్మిన్ అంటే గ్లామర్ లేని పని అని అందరూ ఏఐ వైపు పరిగెడుతున్నారు. వెళ్లండి, తప్పు లేదు. కానీ వీమ్‌కి ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, బాక్యులా ఉచితమే. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద రెండు వర్చువల్ మెషీన్లు పెట్టి, ఒకదాన్ని కావాలని చెరిపేసి, తిరిగి తెచ్చి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఇంటర్వ్యూలో "నా ఆర్‌టీఓ నలభై ఒక్క నిమిషాలు వచ్చింది, ఎందుకంటే..." అని మొదలుపెట్టే ఫ్రెషర్‌ని ఎవరూ అంత తేలిగ్గా వదులుకోరు.

చివరిగా మీ ఫోన్‌కి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్‌కి వెళ్లండి. చివరి బ్యాకప్ తేదీ చూడండి. ఆండ్రాయిడ్‌లో అది ఇప్పుడు మీ గూగుల్ అకౌంట్ ఉచిత 15 జీబీలోనే లెక్క, కాబట్టి స్టోరేజ్ నిండిపోతే ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే ఆ పాస్‌వర్డ్ ఎక్కడ రాసుకున్నారో చూసుకోండి, అదే ఫోన్‌లోని నోట్స్ యాప్‌లో మాత్రం వద్దు. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు ఒక పెన్ డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో వేసి, పీకేసి, వీలైతే ఊళ్లో అమ్మావాళ్ల ఇంట్లో ఉంచండి. మూడు నెలలకోసారి అందులోంచి ఏదో ఒక పాత ఫొటో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే కింద కామెంట్‌లో పెట్టండి, ఏ డిస్కు, ఎన్నేళ్లది, ఏ ఎర్రర్ వస్తోంది, అన్నీ రాయండి, వచ్చే వారం వాటినే తీసుకుని చూద్దాం.